చీఫ్ ఇంజనీర్ ప్రమోషన్ ఇస్తామంటున్నారు. ఒప్పుకోవాలా, ఒడ్డున ఉద్యోగం చూసుకోవాలా?

సెకండ్_బల్క్‌క్యారియర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. బల్క్ క్యారియర్ల (బొగ్గు, ధాన్యం లాంటివి విడిగా పోసి మోసే ఓడలు) మీద సెకండ్ ఇంజనీర్‌గా చేస్తున్నాను. అంటే ఇంజన్ రూమ్‌లో చీఫ్ తర్వాతి ర్యాంకు. ప్రస్తుతం సెలవులో ఇంట్లో ఉన్నాను. చీఫ్ కావడానికి రాయాల్సిన క్లాస్ వన్ పరీక్ష పాసై కొంతకాలమైంది. వచ్చే కాంట్రాక్టుకి చీఫ్‌గా పంపిస్తామని మొన్న కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. జీతం బాగా పెరుగుతుంది. ఈ లైన్‌లో అందరూ ఎదురుచూసే ఫోన్ అది. నేను మాట్లాడి పెట్టేశాక మా ఆవిడ "ఎప్పుడు ఎక్కాలంట?" అని మాత్రం అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.

షిప్పు మీద పని చేయనివాళ్లు కూడా ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

మా కాంట్రాక్టు ఆరు నెలలు, "ప్లస్ ఆర్ మైనస్ ఒక నెల" అని ఉంటుంది. ప్లస్ చాలాసార్లు చూశాను. మైనస్ దక్కిన అదృష్టవంతులు ఎవరైనా ఉంటే చెప్పండి, దణ్ణం పెట్టుకుంటాను. నా బదులు ఎక్కాల్సిన రిలీవర్ దొరకలేదనో, దొరికినవాడికి వీసా రాలేదనో, ఆ పోర్టులో సైన్ ఆఫ్ (దిగడం) కుదరదనో, ఏదో ఒకటి అడ్డం వస్తుంది. 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా షిప్పులు సూయజ్ మానేసి ఆఫ్రికా కొసన గుడ్ హోప్ అగ్రం చుట్టి వెళ్లడం మొదలుపెట్టాయి కదా. ఆసియా, యూరప్ మధ్య దానివల్ల పది రోజులకు పైగానే అదనం. సరుకువాళ్లకి అది ఖర్చు లెక్క. మాకేమో దిగాల్సిన పోర్టే మారిపోతుంది. ఇక 2020 సంగతి చెప్పనే అక్కర్లేదు. కాంట్రాక్టు అయిపోయినా దిగలేక ఆ ఏడాది ఓడల మీదే ఉండిపోయినవాళ్లు దాదాపు 4 లక్షల మంది అని అంతర్జాతీయ సముద్రయాన సంస్థే అంచనా వేసింది. వాళ్లలో నేనూ ఉన్నాను.

"ఇప్పుడు షిప్పుల మీద కూడా నెట్ వచ్చేసిందిగా, రోజూ వీడియో కాల్ చేసుకోవచ్చుగా" అంటారు చుట్టాలు. నిజమే. నేను ఎక్కిన కొత్తలో ప్రీపెయిడ్ కార్డు గీకి ఎంబీల లెక్కన వాడుకునేవాళ్లం. నాలుగు ఫొటోలు దిగేసరికి కార్డు ఖాళీ. ఇప్పుడు స్టార్‌లింక్ ఉంది, బొమ్మ ఆగకుండా వస్తుంది. కానీ దాంతో పాటే ఇంతకుముందు లేని బాధ ఒకటి వచ్చింది.

మా నాన్నకి బైపాస్ చేసినప్పుడు మేం పసిఫిక్ మధ్యలో ఉన్నాం. తర్వాతి పోర్టుకి ఇంకా వారం పైనే ఉంది. మా తమ్ముడు ఆస్పత్రి వరండాలో కూర్చుని ఫోన్‌ని వాటర్ బాటిల్‌కి ఆనించి వీడియో ఆన్‌లో ఉంచాడు. ఆపరేషన్ థియేటర్ తలుపు, దాని మీద ఎర్ర లైటు, పక్కన చెప్పుల స్టాండు, అప్పుడప్పుడు అడ్డంగా నడిచి వెళ్లే నర్సు. నాకు కనిపించింది అంతే. అయినా కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నాను. ఆ రాత్రి డ్యూటీ ఇంజనీర్‌ని నేనే. మాది యూఎంఎస్ షిప్పు. అంటే రాత్రిపూట ఇంజన్ రూమ్‌లో మనిషి ఉండడు, ఏదైనా తేడా వస్తే డ్యూటీలో ఉన్నవాడి క్యాబిన్‌లో ప్యానెల్ మోగుతుంది. మోగింది. ప్యూరిఫయర్, అంటే ఆయిల్‌లోంచి నీళ్లు, మడ్డి వేరుచేసే మెషీన్. ఫోన్ మంచం మీద అలాగే వదిలేసి బాయిలర్ సూట్ తగిలించుకుని కిందికి పరిగెత్తాను. లోపల ఆయిల్‌ని ఆపి ఉంచే వాటర్ సీల్ పోయి, ఆయిల్ అంతా మడ్డి చేరే స్లడ్జ్ ట్యాంకులోకి పోతోంది. దాన్ని ఆపి, స్టాండ్‌బైలో ఉన్న రెండోదాన్ని నడిపించి, ఉష్ణోగ్రత నిలబడేదాకా ఆగి పైకి వచ్చేసరికి కాల్ కట్ అయి ఉంది. మళ్లీ కలవడానికి పట్టిన ఆ కాసేపూ ఏం ఆలోచించానో రాయను.

బాగానే జరిగింది, నాన్న ఇప్పుడు పొద్దున్నే నడుస్తున్నారు. పాత కాలంలో అయితే అంతా అయ్యాక ఒక్క కబురు వచ్చేది. ఇప్పుడు ప్రతి నిమిషం తెలుస్తుంది. చేయగలిగింది మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

ఇంకో సంగతి ఈ సెలవులోనే జరిగింది. మా పాప ఒకటో తరగతి. స్కూలు వదిలే టైముకి నేను వెళ్తానన్నాను. గేటు దగ్గర పికప్ కార్డు చూపించాలి. కార్డు మీద మా ఆవిడ ఫొటో, పక్కన మా బావమరిది ఫొటో ఉన్నాయి. నాది లేదు. వాచ్‌మన్ పద్ధతి ప్రకారం ఆపాడు. క్లాస్ టీచర్‌ని పిలిచాడు, ఆవిడా నన్ను ఎప్పుడూ చూడలేదు. చివరికి పాపని తీసుకొచ్చి "ఈయన ఎవరమ్మా?" అని అడిగారు. "మా నాన్నే. షిప్పు నుంచి వచ్చాడు" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు మొహం పెట్టి. అప్పటికీ వదల్లేదు, మా ఆవిడకి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాకే పంపారు. నిజానికి అలాగే చేయాలి కూడా. కార్డు నింపిన రోజు నేను లేను, రోజూ వెళ్లేవాళ్ల ఫొటోలు పెట్టారు. కోప్పడదామంటే ఎవరూ దొరకలేదు.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. చీఫ్‌గా ఎక్కి ఇంకొన్నేళ్లు చేసి ఇంటి లోన్ తీర్చేయడం ఒకటి. ఇప్పుడే దిగిపోయి టెక్నికల్ సూపరింటెండెంట్ (ఒడ్డు నుంచి షిప్పుల మెయింటెనెన్స్ చూసేవాడు) లాంటి ఆఫీసు ఉద్యోగానికి ప్రయత్నించడం రెండోది. జీతం తగ్గుతుందని తెలుసు, దానికి సిద్ధమే. కానీ దిగినంత మాత్రాన ఇంట్లో ఉన్నట్టేనా? దిగినవాళ్లు, దిగనివాళ్లు, వాళ్లతో బతుకుతున్నవాళ్లు, ఉన్నదున్నట్టు చెప్పండి. "ఫ్యామిలీయే ముఖ్యం బ్రో" లాంటి సలహాలు మాత్రం వద్దు, అది నాకూ తెలుసు.

పాతచీఫ్_ఆఫీసు:

తమ్ముడూ, ముందు కంగ్రాట్స్. నేను చీఫ్‌గా చేసి, దిగి, ఇప్పుడు సూపరింటెండెంట్‌గా ఉన్నాను. కాబట్టి రెండు వైపులా చూసినవాణ్ణి.

నీ పోస్టులో జీతం బాగా పెరుగుతుందని ఉంది గానీ చీఫ్ కాంట్రాక్టు ఎన్ని నెలలో లేదు. అడిగావా? చాలా కంపెనీల్లో చీఫ్‌కి, కెప్టెన్‌కి కాంట్రాక్టు కింది ర్యాంకుల కన్నా చిన్నది. మూడు, నాలుగు నెలలు ఉండేవి ఉన్నాయి. కాబట్టి ప్రమోషన్ అంటే ఇంటికి ఇంకా దూరం అనుకోనక్కర్లేదు, కొన్నిచోట్ల దగ్గరే అవుతుంది. బ్యాక్ టు బ్యాక్ ఇస్తారా అని కూడా అడుగు. అంటే ఒకే షిప్పుకి ఇద్దరు చీఫ్‌లు, నువ్వు దిగితే అతను ఎక్కాలి, అతను దిగితే నువ్వు ఎక్కాలి. రిలీవర్ ఎవరో పేరుతో సహా తెలుస్తుంది. అతనికీ ఇల్లుంది, నువ్వు లేటు చేస్తే రేపు అతనూ లేటు చేస్తాడు. ఆ భయమే ఇద్దరినీ టైముకి దింపుతుంది. కంపెనీ ఇచ్చే హామీల కన్నా అది గట్టిది.

మనవాళ్లలో ఒక అపోహ ఉంది. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ (ఓడ ఉద్యోగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం 11 నెలలు దాటనివ్వరు కాబట్టి భయం లేదంటారు. ఆ 11 నెలలు ఎలా వచ్చిందంటే, సర్వీసు 12 నెలల లోపే ముగించి ఇంటికి పంపాలి, నెలకి కనీసం రెండున్నర రోజుల చొప్పున ఏడాదికి 30 రోజుల సెలవు ఇవ్వాలి. అది పోగా మిగిలింది పదకొండు. అది దాటకూడని గోడ మాత్రమే. నీ కాంట్రాక్టులో ఉన్న తేదీకి దింపుతారన్న భరోసా అందులో వెతకకు.

డబ్బు సంగతి. నీకు సెలవులో జీతం వస్తుందా, లేక షిప్పు మీద ఉన్న రోజులకేనా? మనలో ఎక్కువమందికి రెండోదే. ఇంట్లో కూర్చున్న ప్రతి నెలా దాచుకున్నది కరుగుతుంది. పైగా ఫలానా రోజుల్లోపు తిరిగి ఎక్కితే రీజాయినింగ్ బోనస్ అంటారు. దానితో ఏమవుతుందంటే, మూడు నెలలు ఉందామని వచ్చినవాడు రెండో నెల చివర్లోనే తనంతట తనే ఆఫీసుకి ఫోన్ చేసి "సర్, వెసెల్ ఏమైనా ఉందా" అని అడుగుతాడు. బలవంతంగా ఎవరూ తీసుకుపోలేదు, తనే వెళ్లాడు. ఇంట్లోవాళ్లకి కనిపించేది అదే. కాబట్టి నెల జీతం చూడకు, ఏడాది మొత్తం ఎంత వస్తుంది, అందులో ఎన్ని నెలలు ఇంట్లో అని చూడు. జీతం తక్కువైనా సెలవులో కూడా ఇచ్చే కంపెనీ ఉంటే అదే మేలు.

ఆఫీసు ఉద్యోగం గురించి అడిగావు. నా కింద కొన్ని షిప్పులున్నాయి, అవి ప్రపంచంలో ఏ మూల ఉంటే ఆ టైముకి ఫోన్ మోగుతుంది. ఒకదానికి జనరేటర్ పోతుంది, ఇంకోదాన్ని ఆ పోర్టు దేశంవాళ్లు చేసే పోర్ట్ స్టేట్ ఇన్‌స్పెక్షన్‌లో డిటెయిన్ చేస్తామంటారు (కదలనివ్వరు), ఇంకోదానికి బంకర్ (ఇంధనం) శాంపిల్ రిపోర్టు తేడాగా వస్తుంది. డ్రైడాక్ (షిప్పుని నీళ్లలోంచి బయటికి తీసి రిపేర్లు చేయడం) వచ్చిందంటే వారాల తరబడి షిప్‌యార్డులోనే. మా అబ్బాయి పదో తరగతి పరీక్షల టైమ్‌లో నేను యార్డులో రడ్డర్ (చుక్కాని) బేరింగ్ క్లియరెన్సులు చూస్తున్నాను. సెయిలింగ్‌లో ఒక సుఖం ఉంది. దిగాక నిజంగా దిగిపోతాం, ఫోన్ ఆపేసుకోవచ్చు. ఆఫీసులో అది లేదు. కానీ మధ్యరాత్రి ఫోన్ వచ్చినా మాట్లాడేది మన మంచం మీద నుంచే. జ్వరమొచ్చిన పిల్లాడి పక్కన కూర్చుని కూడా మాట్లాడొచ్చు. నేను దిగినందుకు బాధపడలేదు. అలాగని స్వర్గం అని కూడా చెప్పను.

ఒక్కసారైనా చీఫ్‌గా చేసి దిగు. చీఫ్ అనుభవం లేకుండా సూపరింటెండెంట్ పోస్టు దొరకడం కష్టం, దొరికినా అవతల చీఫ్ నీ మాట వినడు.

ఒడ్డునున్న_మనిషి:

సెయిలర్ భార్యని. సెకండ్ గారూ, మీ పోస్టు, పాతచీఫ్ గారి జవాబు రెండూ చదివాను. కంపెనీ, కాంట్రాక్టు, బోనస్ అన్నీ ఉన్నాయి. మీ ఆవిడ "ఎప్పుడు ఎక్కాలంట" అని వంటింట్లోకి వెళ్లిందన్నారు. మీరు వెనకాల వెళ్లారా?

అడగకుండానే ఆమె తరఫున మీరే బాధపడిపోతున్నారేమో చూసుకోండి. మా ఆయనా అంతే. నేను ఏడుస్తున్నానని అక్కడ ఆయన అనుకుంటూ ఉంటారు. నిజం చెప్తే నవ్వుతారు గానీ, ఆయన వెళ్లిన రెండు రోజులు ఇల్లు బోసిగా ఉంటుంది, మూడో రోజు నుంచి నా టైమ్‌టేబుల్ నాది. ఇష్టం లేక కాదు. అలా అలవాటు చేసుకోకపోతే ఇన్నేళ్లు బతకలేం.

మాకు అసలు గొడవ ఆయన వచ్చిన మొదటి వారమే. మా ఇల్లేదో డ్రైడాక్‌కి వచ్చినట్టు, దిగిన మర్నాడే కాగితం తీసుకుని డిఫెక్ట్ లిస్టు రాయడం మొదలుపెడతారు. ఈ కుళాయి కారుతోంది, ఈ స్విచ్ వదులైంది, ఈ డబ్బాలకి లేబుల్స్ ఎందుకు లేవు. అన్నీ మంచి మాటలే. కానీ ఆ కుళాయి నాలుగు నెలల నుంచి కారుతోంది, ప్లంబర్ రెండుసార్లు రానన్నాడు, మూడోసారి వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. ఆ కథ ఏదీ ఆ లిస్టులో ఉండదు. పెద్దాడు ఏదైనా అడగాలంటే ఆయన ఎదురుగా కూర్చున్నా దాటుకుని నా దగ్గరికి వస్తాడు. ఆయన మొహం చిన్నబోతుంది. నేను వాడిని మందలిస్తే "నాన్నకి తెలీదు కదమ్మా" అంటాడు. వాడు చెప్పింది నిజమే కదా, ఏమని తిట్టను?

మాకు పనికొచ్చిన ఒక ఏర్పాటు చెప్తాను. మొదటి పది రోజులు ఆయన దేన్నీ మార్చకూడదు, ఊరికే చూడాలి. ఆ తర్వాత ఒక పని పూర్తిగా ఆయనకి అప్పగిస్తాను. పిల్లలని ఈతకి తీసుకెళ్లడం, అత్తయ్యగారి డాక్టర్ అపాయింట్‌మెంట్లు, ఇలాంటివి. మధ్యలో నేను వేలు పెట్టను. రెండు వైపులా కష్టంగానే ఉంది, అయినా నడుస్తోంది.

కాగితాల సంగతి కూడా. మీరు లేనప్పుడు ఇల్లు నడపాలంటే ప్రేమ చాలదండీ, సంతకం కావాలి. జాయింట్ అకౌంట్ ఉందా? నామినీలు సరిగ్గా ఉన్నాయా? లోన్ తాలూకు ఓటీపీ మీ నంబరుకి వస్తుందా, ఆవిడ నంబరుకా? మా ఆయన సముద్రంలో ఉండగా, సిగ్నల్ లేని సిమ్‌కి ఓటీపీ వెళ్తూ ఉంటే బ్యాంకు కౌంటర్ ముందు నేను నిలబడ్డ రోజు నాకింకా గుర్తుంది. పవర్ ఆఫ్ అటార్నీ ఈ సెలవులోనే రాయించేయండి.

ఇంకో మాట. "ఇంకొక్క కాంట్రాక్టు" అనే మాట మా ఇంట్లో నిషేధం. మొదట ఇంటి లోన్ అయ్యేదాకా అన్నారు. అయింది. తర్వాత పిల్లల చదువు అన్నారు. దానికీ వేశాం. ఆ తర్వాత ఇంకో స్థలం అన్నారు. అప్పుడు అర్థమైంది, లెక్క ఎప్పటికీ పూర్తికాదని. ఆయనకి డబ్బాశ అనుకోకండి. షిప్పు మీద ఆయనకి అన్నీ తెలుసు, పది మంది ఆయన మాట కోసం చూస్తారు. ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో కూడా అడగాలి. ఎక్కడ మనిషికి విలువ ఉందనిపిస్తే అక్కడికే కాళ్లు వెళ్తాయి. మీకూ అలాగే ఉందేమో నిజాయితీగా చూసుకోండి.

చీఫ్ అయితే ఫ్యామిలీని షిప్పు మీదికి తీసుకెళ్లనిస్తారు, చాలా కంపెనీల్లో. నేను ఒకసారి వెళ్లాను. అంతకుముందు ఫోన్‌లో ఆయన "ఊఁ, ఊఁ" అంటుంటే విసుక్కునేదాన్ని. అక్కడ చూశాను. రెస్ట్ అవర్స్ షీట్‌లో 24 గంటల్లో 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి చూపించాలి. ఆ 10 గంటలు రెండు ముక్కలకి మించకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలు ఉండాలట. పోర్టులో లోడింగ్, బంకరింగ్, ఇన్‌స్పెక్షన్ అన్నీ ఒకేసారి వచ్చిన రోజు ఆయన నిద్ర ఎన్ని ముక్కలైందో కళ్లారా చూశాను. అప్పటి నుంచి ఊఁ అంటే ఊరుకుంటున్నాను.

రిగ్_ఎలక్ట్రీషియన్:

మాది ఆఫ్‌షోర్. 28 రోజులు రిగ్గు మీద, 28 రోజులు ఇంట్లో. మీ సెయిలర్ల ముందు కష్టాలు చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంటుంది. హెలికాప్టర్‌లో వెళ్తాం, హెలికాప్టర్‌లో వస్తాం. పొగమంచు పడితే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. మిగతాదంతా ఏడాది ముందే క్యాలెండర్‌లో ఉంటుంది. మా చెల్లి పెళ్లి ముహూర్తం నా రోస్టర్ చూసే పెట్టారు.

నేను చెప్పేది ఒకటే, రోస్టర్ చూడండి. నార్వే పరిధిలోని సముద్రంలో చేసేవాళ్లకి రెండు వారాలు పని, నాలుగు వారాలు ఇల్లు. అదే చమురు, అదే బావి, అదే గాలివాన. తేడా అంతా అక్కడి యూనియన్లు, చట్టాలు. పశ్చిమ ఆస్ట్రేలియా గనుల్లో విమానాల్లో వెళ్లి వచ్చే పనివాళ్ల గురించి అక్కడి పార్లమెంటు కమిటీ 2015లో ప్రత్యేకంగా రిపోర్టే ఇచ్చింది, ఆత్మహత్యల మీద ఆందోళన మొదలయ్యాక. 2018లో అక్కడి ప్రభుత్వం చేయించిన అధ్యయనంలో మూడింట ఒక వంతు మందిలో తీవ్రమైన మానసిక ఒత్తిడి కనిపించింది. పనికన్నా సెలవు బాగా తక్కువ ఉన్న రోస్టర్లలో పరిస్థితి ఇంకా పాడు. 2019లో వాళ్లు కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ (పాటించాల్సిన పద్ధతుల పత్రం) తెచ్చారు. వాళ్లూ మంచి జీతగాళ్లే సుమా. "అంత సంపాదిస్తున్నావ్, నీకేం బాధ" అని అక్కడా అంటారు, అందుకే బయటికి చెప్పుకోరు.

అయితే 28 రోజుల సెలవంటే 28 రోజులూ మనవి కావు. నైట్ షిఫ్ట్ మీద వస్తే మొదటి నాలుగైదు రోజులు పగలు నిద్ర, రాత్రి జాగారం. చివరి మూడు రోజులు బ్యాగు సర్దకపోయినా మనసు సర్దేసుకుంటుంది, చిన్న విషయానికే చిరాకు. మధ్యలో ఉన్నవే అసలు రోజులు. వాటిల్లో కూడా సోమవారం నుంచి శుక్రవారం దాకా అందరూ ఆఫీసుల్లో, స్కూళ్లలో ఉంటారు. స్నేహితులు మొదట్లో పిలుస్తారు, రెండు మూడుసార్లు లేడని తెలిశాక పిలవడం మానేస్తారు. ఇప్పుడు నాకు ఫోన్ చేసే స్నేహితులంతా మా క్రూలోవాళ్లే.

కాబోయే_క్యాడెట్:

సర్, వచ్చే నెల ట్రైనీ ఆఫీసర్‌గా, అంటే డెక్ క్యాడెట్‌గా మొదటిసారి ఎక్కబోతున్నాను. ఇదంతా చదివితే టెన్షన్ పట్టుకుంది. మానేయమంటారా?

రిగ్_ఎలక్ట్రీషియన్:

మానేయక్కర్లేదు తమ్ముడూ. ఇక్కడ మాట్లాడుతున్నవాళ్లెవరూ ఈ లైన్ మానేయలేదు, చూశావుగా. నీకింకా పెళ్లి కాలేదు, ప్రపంచం చూసి రా. షిప్పు మీద మనసు బాగోకపోతే లోపల పెట్టుకోకు. ఐస్వాన్ అనే నావికుల సంక్షేమ సంస్థ వాళ్ల సీఫేరర్‌హెల్ప్ అని 24 గంటల ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, ఎక్కేముందే నంబర్ సేవ్ చేసుకో. మొదటి జీతంతోనే బైకు లోన్ మాత్రం పెట్టుకోకు. ఈఎమ్ఐ ఉన్నవాడికి సెలవు ఉండదు.

కెప్టెన్‌కూతురు:

మా నాన్న కెప్టెన్‌గా రిటైరయ్యారు. నేను పెరిగింది తొంభైల్లో. శాటిలైట్ ఫోన్‌కి నిమిషానికి ఇంతని బిల్లు పడేది కాబట్టి పుట్టినరోజుకి ఒక కాల్, అదీ అమ్మ గడియారం చూస్తుండగా. ఉత్తరాలు పోర్టు ఏజెంట్ల ద్వారా వచ్చేవి. కొన్ని ఆయన దిగి ఇంటికి వచ్చేశాక వచ్చాయి, ఆయనే చదివి వినిపించారు.

సెకండ్ గారూ, మీ పాప కోసం రాస్తున్నాను. పుట్టినరోజులకి, స్కూల్ డేకి నాన్న లేరని నేను పెద్దగా బాధపడిన గుర్తు లేదు. అవి ముందే తెలుసు, వాటి బదులు బొమ్మలు వచ్చేవి. లేనిది మామూలు రోజులు. నా పక్కన ఎవరు కూర్చునేవారో, ఏ టీచర్ అంటే నాకు భయమో, ఎవరితో మాటలు మానేశానో ఆయనకి తెలియదు. కాల్‌లో "బాగా చదువుతున్నావా" అని అడిగేవారు, చదువుతున్నానని చెప్పేదాన్ని. ఇప్పుడు రోజూ ఇంట్లోనే ఉంటారు, బాగానే మాట్లాడుకుంటాం. కానీ నా పదిహేను, పదహారేళ్ల వయసులో ఏం జరిగిందో ఆయన అడిగితే చెప్పాలనిపించదు. అప్పుడైతే చెప్పేదాన్నేమో.

మీకు ఇప్పుడు నెట్ ఉంది కదా. "ఎలా ఉన్నావ్" అని రోజూ అడిగే బదులు పాపతో కలిసి ఏదైనా ఒక పని చేయండి. లెక్కల హోంవర్క్ మీ వాటాకి తీసుకోండి. కాల్‌లో ఇద్దరూ మాట్లాడకపోయినా ఫర్వాలేదు, అది రాసుకుంటుంటే మీరు చూస్తూ ఉండండి. విసుగు పుట్టేంతసేపు ఉండండి.

సెకండ్_బల్క్‌క్యారియర్:

అందరికీ థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, కొన్ని పనులు అయ్యాక రాద్దామని.

ఒడ్డునున్న మనిషి గారూ, అడిగాను. నేను అనుకున్నదేదీ ఆవిడ చెప్పలేదు. దిగిపోమని అనలేదు. ఆఫీసు ఉద్యోగమంటే నువ్వు రోజంతా ఫోన్ పట్టుకుని ఇంట్లో తిరుగుతావు, అది ఇంకా నరకం అంది. (పాతచీఫ్ గారూ, మీ పోస్టు చదివి వినిపించాను, నవ్వింది.) తనకి కావలసింది ఒకటేనట. ఏ నెలలో వస్తావో చెప్పడం మానేసి తేదీ చెప్పు, ఆ తేదీకి రా. తను ఆఫీసులో సెలవు పెట్టుకుని, వాళ్ల అమ్మని పంపించేసి, పాపకి చెప్పేశాక నేను "ఇంకో మూడు వారాలు" అంటానట. అప్పుడు పాపకి చెప్పాల్సింది తనే. గొడవంతా ఆ మూడు వారాల దగ్గరే ఉందని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. ఆ ఎక్స్‌టెన్షన్‌కి జీతం వస్తుంది కదా, పోనీలే అనుకునేవాణ్ణి.

కంపెనీకి మెయిల్ పెట్టాను. చీఫ్‌కి కాంట్రాక్టు నాలుగు నెలలట. బ్యాక్ టు బ్యాక్ ఉంది గానీ మొదటి కాంట్రాక్టుకి ఇవ్వరట, చీఫ్‌గా ఒకసారి చూశాకే. సెలవు జీతం లేదు. రీజాయినింగ్ బోనస్ మాత్రం ఉంది, చాలా ఉత్సాహంగా వివరించారు. ప్లస్ మైనస్ 15 రోజులకి తగ్గించమని అడిగాను. "నోటి మాటగా ఓకే" అన్నారు. కాగితం మీద రాయండి అన్నాను. లీగల్ వాళ్లని అడగాలట. అలాగే ఇంకో రెండు కంపెనీలకి కూడా బయోడేటా పంపాను. అందులో ఒకటి సెలవులో కూడా కొంత జీతం ఇచ్చేది. నెల జీతం తక్కువ. ఏడాది లెక్క వేస్తే మా కంపెనీ కన్నా మరీ తక్కువేం కాదు, ఇంట్లో ఉండేది మాత్రం దాదాపు ఐదు నెలలు. ముందు కాగితం ఎవరిస్తే అక్కడికే వెళ్తాను. ప్రస్తుతానికి అదే నిర్ణయం.

కెప్టెన్‌కూతురు గారూ, లెక్కలు నా వాటాకి తీసుకున్నాను. పాప ఇప్పుడు తీసివేతల దగ్గర ఉంది. పక్క అంకె నుంచి అప్పు తీసుకోవడం నేను చెప్పే పద్ధతి వాళ్ల టీచర్ చెప్పినట్టు లేదని రోజూ పోట్లాడుతోంది.

పాతచీఫ్ గారూ, చివరిగా ఒకటి. చీఫ్‌గా ఎక్కితే మా ఆవిడని, పాపని కొన్ని వారాలు తీసుకెళ్లొచ్చా? ఆరేళ్ల పిల్లని ఒప్పుకుంటారా?

పాతచీఫ్_ఆఫీసు:

కంపెనీని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల చిన్నపిల్లలకి వయసు పరిమితి పెట్టారు, కాబట్టి సైన్ చేసే ముందే అడుగు. ట్యాంకర్ల మీద ఇంకా కట్టుదిట్టంగా ఉంటారు, నీది బల్క్ కాబట్టి కొంత నయం. లైఫ్‌బోటు కెపాసిటీ దాటి మనుషుల్ని ఎక్కించరు. కెప్టెన్ ఫ్యామిలీ అప్పటికే ఉంటే నీకు చోటు ఉండకపోవచ్చు. ఇద్దరికీ మెడికల్, ఇన్సూరెన్స్, వీసాలు, రూటుని బట్టి ఎల్లో ఫీవర్ టీకా చూసుకోవాలి. ఇండెమ్నిటీ లెటర్ (ఏదైనా జరిగితే కంపెనీది బాధ్యత కాదనే పత్రం) మీద సంతకం పెట్టిస్తారు. మొదటి నెల మాత్రం పిలవకు. కొత్త చీఫ్‌వి, ఇంజన్ నీ చేతికి అలవాటు పడనీ. తర్వాత పొడుగాటి ఓషన్ పాసేజ్ ఉన్న వాయేజ్ చూసి పిలు. పోర్టు మీద పోర్టు తగిలే రూటులో అయితే వాళ్లు నిన్ను డైనింగ్ టేబుల్ దగ్గర తప్ప చూడలేరు. పాపకి ఇయర్ మఫ్స్ చిన్న సైజువి నువ్వే కొని తీసుకెళ్లు, స్టోర్‌లో ఉన్నవన్నీ మన తలకాయలకి సరిపోయేవే.